తెల్ల సైకిల్ మలుపు

లైటు వేసుకుందో లేదో. పొద్దున గుమ్మంలో వేసి చూపించింది, ముందుది తెల్లగా, వెనకది ఎర్రగా, రెండూ బాగానే వెలిగాయి, కానీ పొద్దున వెలిగిన లైటు సాయంత్రం కూడా వెలుగుతుందని ఏం నమ్మకం, అదీ నవంబరులో, తిన్నది అరిగేలోపే చీకటి పడిపోయే ఈ బెర్లిన్ నవంబరులో, జల్లు పడుతోందో లేదో తెలియకుండానే ఒంటి మీది బట్టలన్నీ తడిసిపోయే రోజున. ఇల్కా కూడలి మూల మీదున్న మందుల షాపు గోడకి ఆనుకుని, కోటు టోపీ కనుబొమలదాకా లాక్కుని నిలబడి ఉంది. షాపు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి వెచ్చదనం వచ్చి చెంపకి తగిలి పోతోంది. బడి విడిచిపెట్టి ఉంటారు. ఇప్పుడు సంచీ సర్దుకుంటూ ఉంటుంది. కాదు, గ్లవ్జు వెతుక్కుంటూ ఉంటుంది, ఎడమ చేతిది దొరికి ఉంటుంది, కుడి చేతిది దొరికి ఉండదు. చేతులు కొంకర్లు పోతే బ్రేకు ఎలా పడుతుంది? రానని మాట ఇచ్చింది తను. నిన్న బంగాళాదుంపలు ఒలుస్తున్నప్పుడు పిల్ల ఎదురుగా కూర్చుని మరీ మాట తీసుకుంది. "రావుగా అమ్మా?" "రాను." "దాక్కుని కూడా రాకూడదు." "నేనెందుకు దాక్కుంటానే, నాకేం పనిలేదా?" "నీకు పనున్నా దాక్కుంటావ్. క్లాసులో అందరికీ తెలుసు. మెర్లే వాళ్ళమ్మ చెట్ల వెనక ఉంటుందని." చెట్ల వెనక ఒక్కసారే నిలబడింది, అదీ మూడో క్లాసులో, అదీ వర్షం వస్తుందని గొడుగు ఇవ్వడానికి. పిల్లలు ఏదీ మర్చిపోరు. ఈ మూల మీద చెట్టు లేదు, నయం.

మెర్లేకి పదేళ్ళు నిండాయి. పుట్టినరోజున గసగసాల కేకు చేసి, కొవ్వొత్తులు గుచ్చి, పాట పాడి, అందరితోపాటు చప్పట్లు కొడుతున్నప్పుడు కూడా ఇల్కా ఆ పది కొవ్వొత్తులనే మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతూ ఉంది. ఈ దేశంలో పదేళ్ళు నిండేదాకా పిల్లలు ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కొచ్చు. నిండాక దిగిపోవాలి. రోడ్డు మీదికి, బండ్ల పక్కకి, ట్రాము పట్టాల పక్కకి. రాత్రి పడుకునేటప్పుడు ఫుట్‌పాత్ పిల్ల, తెల్లారి లేచేసరికి రోడ్డు పిల్ల. ఆ ఒక్క రాత్రిలో ఎముకలు గట్టిపడ్డాయా, కళ్ళు పెద్దవయ్యాయా? పరీక్ష పాసయ్యాను కదా అంటుంది. పాసయింది. నాలుగో క్లాసులో పోలీసాయన వచ్చి మైదానంలో తెల్ల గీతలు గీసి, బొమ్మ సిగ్నళ్ళు పెట్టి నేర్పించాడు, ఎడమకి తిరిగేటప్పుడు చెయ్యి చాపాలి, తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూడాలి, ఊరికే తల ఊపితే చాలదు, చూడాలి, ఏం కనిపించిందో చెప్పమంటే చెప్పగలగాలి. మెర్లేకి ఒక్క తప్పు కూడా రాలేదు. బొమ్మ సిగ్నల్ దగ్గర. బొమ్మ రోడ్డు మీద. అక్కడ లారీ ఏది? లారీ అని అట్టముక్క మీద రాసి ఒక కుర్రాడి మెడలో తగిలించారు, వాడు నవ్వుతూ నిలబడ్డాడు. ఇల్కా కంచె పట్టుకుని చూస్తూ, లారీలు నవ్వవురా బాబూ అనుకుంది. పక్కనున్న తల్లి ఒకామె, మీరు మరీ వణికిపోతున్నారు, కాఫీ తాగుతారా అని ఫ్లాస్కు తీసింది. ఆవిడ లాయరట. లాయర్లకి భయం ఉండదేమో, ఏదైనా జరిగితే ఎవరికి రాయాలో వాళ్ళకి తెలుసు.

వీధి ఆ చివర నుంచి రెండు సైకిల్ లైట్లు వస్తున్నాయి. కాదు. పెద్దవాళ్ళు. ఒకడు పాట పాడుకుంటూ పోతున్నాడు, చెవుల్లో వైర్లు పెట్టుకుని, వీడికి అమ్మ లేదా.

అటు చూడకూడదు అనుకుంటూనే అటు చూసింది. తనకి నాలుగడుగుల దూరంలో, సిగ్నల్ స్తంభానికి గొలుసుతో కట్టి, తెల్ల సైకిల్. చక్రాలు తెల్లన, సీటు తెల్లన, పెడళ్ళు, గంట, చైను అన్నీ తెల్లన, పిండిలో ముంచి తీసినట్టు. అదేమిటో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. సైకిల్ మీద పోతూ బండి కింద పడి చనిపోతే, చనిపోయిన చోట పెడతారు. పేరు రాయరు. కింద చిన్న పలక మీద, సైకిల్ నడుపుతున్న పురుషుడు, ఇంత వయసు, ఫలానా తారీకు, అంతే. పెద్దాయన. నిరుడు ఎండాకాలంలో, పట్టపగలు, నేరుగా పోతున్నాడు, పచ్చ లైటు ఆయనకీ ఉంది, కుడికి తిరుగుతున్న లారీకీ ఉంది. ఇద్దరికీ ఒకేసారి పచ్చ ఇస్తారు ఇక్కడ. తప్పు లారీదే, చట్టం అలాగే అంటుంది. అనడమే. ఏడాది పైనే అయింది. మొదట్లో పూలగుత్తులు స్తంభం నిండా ఉండేవి, ఎర్ర గాజు బుడ్లలో దీపాలు వెలిగేవి, ఒక సాయంత్రం ఎవరెవరో వచ్చి రోడ్డు మీద మౌనంగా కూర్చున్నారు, ట్రాము కూడా ఆగి ఎదురుచూసింది. ఇప్పుడు జనం ఆగరు. కుక్కల్ని ఒంటేలుకి ఆపుతారు, అంతే.

ఆ సైకిల్ ఇల్కాది.

ఎవరికీ చెప్పలేదు. మెర్లేకి అసలే చెప్పలేదు. తను పనిచేసే బేకరీలో అద్దానికి ఎవరో కాగితం అంటించి వెళ్ళారు, పాత సైకిళ్ళు ఇవ్వండి, నడవకపోయినా ఫర్వాలేదు అని. పై వరస మాత్రం చదివింది. బన్నుల కోసం జనం తలుపుదాకా నిలబడి ఉంటే కింది వరసలు ఎవరు చదువుతారు. ఎక్కడెక్కడి నుంచో కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకి బాగుచేసి ఇస్తారేమో అనుకుంది, మంచిపనే కదా అనుకుంది. సెల్లార్‌లో తుప్పు పడుతున్న ఆకుపచ్చ సైకిల్, వెనక చిన్న కుర్చీ బిగించి మెర్లేని కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిన సైకిల్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగిపోయాక మూలన పడేసింది, దాన్ని మోసుకొచ్చి ఇచ్చింది. గడ్డం ఆయన తోపుడు బండి మీద వేసుకుంటూ, మంచి పనికి వెళ్తుందండీ ఇది అన్నాడు. చేతిలో కేకు ముక్క పెట్టి పంపించింది కూడా. తర్వాత ఒకరోజు ట్రాములో పోతూ, ఊపిరి తగిలి మసకబారిన అద్దాన్ని చేత్తో తుడిచి చూస్తే, అది. వంగిన ఫోర్కు. సీటు కింద గొట్టానికి కుర్చీ బిగించిన ఇనప పట్టీ, అది కూడా తెల్లగా. దిగి దగ్గరకి వెళ్ళి చూసింది. గొట్టం మీద రంగు కింద నక్షత్రాలు తేలి ఉన్నాయి. మెర్లే మూడేళ్ళప్పుడు అంటించిన స్టిక్కర్లు. పీకడానికి ఎవరికీ తీరలేదు, వాటి మీదే తెల్లరంగు కొట్టేశారు. వేలితో తడిమితే కోణాలు తగులుతాయి. నా పిల్లని మోసిన సైకిల్, ఒక చావుకి గుర్తుగా నిలబెట్టారు. ఇది చూసి చూసి ఎవరో దేవుడో దెయ్యమో లెక్క సరిచెయ్యాలనుకుంటే? అలాంటివి నమ్మదు తను. ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు. అయినా ఏడాదిగా మెర్లే చెయ్యి పట్టుకుని అవతలి ఫుట్‌పాత్ మీంచి తీసుకెళ్ళింది, ఇటువైపు చలిగాలి అని అబద్ధం చెప్పి.

ఇల్కా తన అమ్మకి ఫోన్ చేస్తే తిట్టింది. "పిల్లని సీసాలో పెట్టి మూత బిగిస్తావా ఏంటే? పెరగనీ." "నీకేం తెలుసమ్మా, రోడ్లు చూశావా ఎలా ఉన్నాయో." "నాకు తెలీదా? నిన్ను కూడా ఇలాగే పట్టుకుని కూర్చున్నాను. బడికి నేనే దింపేదాన్ని, నేనే తెచ్చేదాన్ని. పదహారేళ్ళకి ఏం పట్టుకొచ్చావో చూశాం కదా ఇంటికి." అని, తనే నవ్వింది, నవ్వి, "బంగారాన్నే పట్టుకొచ్చావులే, అది వేరే సంగతి," అంది. ఆ బంగారం కడుపులో ఉండగానే బడి ఆగిపోయింది. పదో క్లాసు పూర్తవలేదు. బండి ఎంత వేగంతో పోతుంటే ఆగడానికి ఎంత దూరం పడుతుందో చెప్పే పాఠం ఆ ఏడే ఉందని తర్వాత ఎవరో అన్నారు. ఆ పాఠం విననేలేదు తను. వింటే ఇప్పుడు ఇక్కడ నిలబడి వచ్చే ప్రతి బండినీ చూసి, ఇది ఆగుతుంది, ఇది ఆగదు అని చెప్పగలిగేదా? లాయరమ్మ చెప్పగలదా? ఆమె కూతురికీ పదేళ్ళే. ఆమె ఇవాళ గోడకి ఆనుకుని నిలబడి ఉండదు.

పాఠం వినకపోయినా ఒకటి మాత్రం తెలుసు. రీకో చూపించాడు. మెర్లే వాళ్ళ నాన్న, ఇప్పుడు లైప్‌జిగ్‌లో ఎవరితోనో ఉంటున్నాడు, అప్పుడు సిమెంటు కంపెనీలో లారీ తోలేవాడు. ఒక ఆదివారం యార్డుకి తీసుకెళ్ళి, ఎక్కు, ఎక్కి కూర్చో, నేను రోజూ ఏం చూస్తానో చూద్దువు గానీ అన్నాడు. ఎక్కింది. ఎంత ఎత్తు. స్టీరింగు పళ్ళెమంత. మెర్లే కింద ఇసుకలో ఆడుకుంటోంది అప్పటిదాకా. "ఇప్పుడు మెర్లే ఎక్కడుందో చెప్పు," అన్నాడు. అద్దాల్లో చూసింది, ఈ అద్దం, ఆ అద్దం, పైన ఇంకో అద్దం. లేదు. "లేదు రీకో, ఎక్కడికి పోయింది, రీకో." "కుడి చక్రం పక్కన. నేనే నిలబెట్టాను. ఏనుగుని నిలబెట్టినా కనిపించదు నాకు." దిగి పరిగెత్తి పిల్లని ఎత్తుకుని ఏడ్చింది, అతన్ని తిట్టింది, అతను మాత్రం నవ్వకుండా, "అందుకే చూపించాను. నాకు రాత్రిళ్ళు ఇదే కల," అన్నాడు. ఆ ఒక్కరోజు అతని మీద జాలేసింది. చాలాకాలం వేసింది, నిజానికి. తర్వాత ఆ జాలి కూడా మిగలకుండా చేసుకున్నాడు అతనే.

సిగ్నల్ మారింది. ట్రాము గంట కొట్టుకుంటూ వెళ్ళింది. గ్లవ్జు దొరికి ఉంటుంది, బయల్దేరి ఉంటుంది. ఈపాటికి బూట్ల షాపు దాటి ఉంటుంది. దాటకపోతే? బూట్ల షాపు దగ్గర ఇసుక పోసి ఉంది, జారితే?

"ఇక్కడే నిలబడతారా, కొంచెం జరుగుతారా?"

పొట్టిగా, గుండ్రంగా ఉన్న పెద్దావిడ. చేతిలో చిన్న బకెట్టు, అందులో ఆవిరి కక్కుతున్న సబ్బునీళ్ళు, మోచేతికి సంచీ, సంచీలోంచి పసుపు పూలు తొంగిచూస్తున్నాయి. ఇల్కా జరిగింది. ఆవిడ బకెట్టు దించి, గుడ్డ పిండి, తెల్ల సైకిల్ సీటు తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తిట్టడం కూడా మొదలుపెట్టింది, ఎవరూ లేనట్టు. "చూడు ఎలా చేశావో ఒళ్ళంతా. ఒక్క వారం రాకపోతే చాలు. బతికున్నప్పుడూ అంతే, పోయాకా అంతే. ఎగోన్, నీకు సిగ్గు లేదు."

ఇల్కా గోడలోకి కుంచించుకుపోయింది. ఇన్నాళ్ళూ పలక మీద వయసు మాత్రమే చూసింది. ఎగోన్ అని పేరు ఉందని, ఆ పేరు పెట్టి తిట్టే భార్య ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

"మా ఆయన," అంది ఆవిడ, ఎవరూ అడగకపోయినా. "గెర్లిండె నా పేరు. అలా చూడకండి, పిచ్చిదాన్ని కాను. ఇంట్లో ఫొటోని తిడితే అది వినదు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఇదైతే కొంచెం వంగి ఉంటుంది, విన్నట్టు ఉంటుంది." ముందు ఫోర్కు తట్టింది. "ఇంకొకటి చూశారా, ఇది ఆడవాళ్ళ సైకిల్. మధ్యలో అడ్డ గొట్టం లేనిది. మా ఆయన చచ్చినా ఎక్కడు ఇలాంటిది. రేసు సైకిల్ ఆయనది, డెబ్బై ఏళ్ళకి కూడా బిగుతు నిక్కరు వేసుకుని, నేను పక్కన నడవడానికి సిగ్గుపడేదాన్ని. ఆ మహానుభావుడికి తెచ్చి ఈ బుట్టసైకిల్ పెట్టారు. చూస్తే అవమానంతో మళ్ళీ పోయేవాడు."

నవ్వొచ్చింది ఇల్కాకి. నవ్వకూడదని పెదవి కొరుక్కుంటే ముక్కులోంచి వచ్చింది. ఆవిడ కూడా నవ్వేసింది, నవ్వి, "ఎవరి కోసం చూస్తున్నావమ్మాయ్?" అంది, మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగిందో తెలియకుండా. "ప్రియుడైతే ఈ వానలో రాడు."

"మా అమ్మాయి. ఇవాళే మొదటిసారి, రోడ్డు మీద. పదేళ్ళు. నేను వస్తే ఒప్పుకోదు."

గెర్లిండె చేతిలో గుడ్డ ఆగింది. కూడలి వైపు, కుడి మలుపు వైపు చూసింది. ఏమంటుందో అని ఇల్కా ఆవిడ ముఖమే చూసింది. పంపొద్దు అంటే ఇప్పుడే ఎదురు పరిగెత్తుతుంది, పంపు అంటే ఈవిడకేం, పోగొట్టుకోవడం అయిపోయిన మనిషి అనుకుంటుంది. ఆవిడ గొట్టం తుడవసాగింది, మెల్లగా, ఒకేచోట, బొటనవేలితో గుండ్రంగా.

"ఇక్కడ నక్షత్రాలున్నాయి, తెలుసా? రంగు కింద. మొదటిసారి తుడిచినప్పుడు తగిలాయి. ఎవరో పిల్ల అంటించి ఉంటుంది, కింద నుంచి, దాని చెయ్యి అందినంత మేర. ఈ సైకిళ్ళు ఎక్కడి నుంచి తెస్తారో మరి. ఆ పిల్ల ఎవరో, దానికేమైనా అయితేనే ఇది పారేశారేమో అని ఒక్కోసారి నిద్ర పట్టదు. మా ఆయన సంగతి తెలుసు, పోయాడు. ఆ పిల్ల సంగతి తెలీదు. అడగడానికి భయం. ఏం వినాల్సొస్తుందో. ఈ ఆదివారం చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజు కదా, అది అయిపోగానే ఇది తీసేస్తారట. ఏడాది దాటాక ఉంచరు. మళ్ళీ రంగు కొట్టి ఇంకెవరి కోసమో ఇంకెక్కడో పెడతారు. అవసరం పడుతూనే ఉంటుందిగా. ఇక అడగడం కుదరదు, ఆ పిల్ల గురించి."

చెప్పొద్దు అనుకుంది ఇల్కా. చెబితే ఇది నిజమైపోతుంది, తన పిల్ల పేరు ఈ తెల్లరంగుకి అతుక్కుపోతుంది. ఏడాదిగా దాచుకున్నది, అమ్మకి కూడా చెప్పనిది. నిద్ర పట్టదట ఈవిడకి. ఎవరి పిల్ల కోసమో. నా పిల్ల కోసం నాతోపాటు ఇంకొకరు మేలుకుని ఉన్నారు ఈ ఊళ్ళో, ఏ వీధిలోనో, నాకు తెలియకుండా.

"అది బాగానే ఉందండీ," అంది. "ఆ నక్షత్రాలు అంటించింది మా అమ్మాయే. నా సైకిల్ ఇది. ఫోర్కు వంగిపోయి ఇచ్చేశాను. ఇలా పెడతారని తెలీదు. తెలిస్తే..." తెలిస్తే ఏం చేసేది? ఇచ్చేదా, ఇచ్చేది కాదా? "దానికి ఏమీ కాలేదు. గసగసాల కేకు మొత్తం తినేసి నాకు చిన్న ముక్క మిగిల్చింది మొన్న."

గెర్లిండె ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత తడి గుడ్డని బకెట్టులో పడేసి, తడి చేత్తోనే ఇల్కా మణికట్టు పట్టుకుంది. సబ్బు వాసన. ఇద్దరూ అలాగే వీధి చివరకి చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి, అవతలి ఫుట్‌పాత్ వైపు గడ్డంతో చూపిస్తూ, "ఆ లారీ తోలినాయన ఒకసారి వచ్చాడు. అక్కడే నిలబడ్డాడు, ఈ రోడ్డు దాటలేకపోయాడు. నేనే రమ్మందామనుకున్నా. నోరు రాలేదు," అంది.

లైటు. తెల్లగా, కిందుగా, కొంచెం ఊగుతూ. పెద్దవాళ్ళ లైటు అంత కిందికి ఉండదు. ఎర్ర హెల్మెట్. గ్లవ్జు ఒకటే ఉంది, అనుకున్నట్టే, ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి తెల్లన. ఎంత చిన్నగా ఉంది. ఇంట్లో అంత చిన్నగా ఉండదు, ఇంట్లో సోఫా అంతా దానిదే, గదంతా దాని గొంతే. ఇక్కడ రోడ్డు ఇంత వెడల్పు, ఇళ్ళు ఇంత ఎత్తు, మధ్యలో ఎర్ర చుక్క. సిగ్నల్ పచ్చగా ఉంది. దాని పక్కనే, దాన్ని దాటుతూ, ఇసుక లారీ. కుడి లైటు ఆరుతూ వెలుగుతూ. పచ్చ. ఇద్దరికీ పచ్చ. మెర్లే. మెర్లే, ఆగు. పిలుపు కడుపులోంచి లేచి, గుండె దాటి, గొంతులోకి వచ్చేసింది, నోరు తెరుచుకుంది, మణికట్టు మీద పట్టు బిగిసింది. "అరవకు," అంది గెర్లిండె పళ్ళ మధ్య నుంచి. "అరిస్తే ఇటు చూస్తుంది." ఇటు చూస్తుంది. అమ్మ గొంతు వింటే పిల్ల ఎటు చూస్తుంది, అమ్మ వైపే చూస్తుంది, పుట్టినప్పటి నుంచీ నేర్పింది అదే. ఇల్కా నోరు మూసుకుంది. పిలుపు లోపలే ఉండిపోయి, ఎటూ పోలేక, కళ్ళలోకి నీళ్ళయి వచ్చింది. లారీ నీటిపొర వెనక పెద్ద మబ్బులా అయింది. ఎర్ర చుక్క ఆ మబ్బు అంచుకి వచ్చింది. అప్పుడు చుక్క భుజం మీదుగా తిరిగింది. ఊరికే తల ఊపడం కాదు. చూసింది. ఆగింది. కుడి కాలు నేల మీద ఆనించింది.

లారీ కూడా ఆగింది. పైనుంచి డ్రైవరు చేత్తో, పోమ్మా పో, నీదే దారి అని సైగ చేశాడు. మెర్లే తల అడ్డంగా ఊపింది. మీరే వెళ్ళండి అని బోసి చెయ్యి ఊపింది. వెనక నుంచి టై కట్టుకున్న ఒకాయన సైకిల్ బెల్లు మోగించాడు. "ఏయ్ పాపా, పచ్చ! నిద్రపోతున్నావా?"

"మీకు తొందరైతే మీరెళ్ళండి," అంది మెర్లే. ఇటువైపుకి కూడా వినిపించింది, గట్టిగా, స్పష్టంగా, ఎవరి పిల్లో అన్నట్టు. "నేను ఆయన వెళ్ళాకే వెళ్తా."

"నీదే రైటు కదా!"

"తెలుసు."

డ్రైవరు నవ్వినట్టున్నాడు. లారీ మెల్లగా, అంత పెద్దది అంత మెల్లగా, వెనక చక్రాలు ఫుట్‌పాత్ అంచుని దాదాపు రాసుకుంటూ, గెర్లిండె బకెట్టులో నీళ్ళు వణికేలా వాళ్ళ ముందునుంచే తిరిగి వెళ్ళిపోయింది. సిగ్నల్ ఎరుపయింది. టై ఆయన గొణుక్కున్నాడు గానీ ఆయన కూడా దాటలేదు, ఎర్ర లైటు చూసి పిల్ల వెనకే నిలబడ్డాడు. మళ్ళీ పచ్చ. మెర్లే పెడల్ తొక్కి, ఒకసారి తూలి, నిలదొక్కుకుని, దాటి, తెల్ల సైకిల్ పక్కనుంచి, ఇద్దరు ఆడవాళ్ళ పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్ళిపోయింది. ఇల్కా టోపీ ఇంకా కిందికి లాక్కుంది. అవసరం లేకపోయింది. పిల్ల నాలిక కొంచెం బయటపెట్టి, కళ్ళు చికిలించి, రోడ్డునే చూస్తోంది. వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

"అదేనా?" అంది గెర్లిండె.

"అదే."

"పెద్దదయింది." ఎప్పటినుంచో తెలిసిన పిల్ల గురించి అన్నట్టు అంది. "నోరు కూడా బాగానే ఉంది దానికి."

"మా అమ్మ పోలిక."

"మన వైపు చూడనే లేదు."

లేదు. చూడలేదు. ఎంత విచిత్రం, పదేళ్ళుగా తను ఎక్కడున్నా వెతుక్కునే కళ్ళు, గుంపులో, బడి గేటు దగ్గర, డాక్టరు గదిలో, ముందు తన ముఖం కోసం వెతికే కళ్ళు ఇవాళ తనని దాటి, తన ముందున్న తడి రోడ్డులోకి వెళ్ళిపోయాయి. నొప్పిగా ఉండాలి. ఉంది కూడా, ఎక్కడో పక్కటెముక కింద. ఆ నొప్పి మీద ఇంకేదో వెచ్చగా పరుచుకుంటోంది, దానికి పేరు తెలీదు. గెర్లిండె పూలు తీసి తెల్ల బుట్టలో పెడుతోంది. ఒకటి తీసి ఇల్కాకి ఇవ్వబోయి, మనసు మార్చుకుని అది కూడా బుట్టలోనే పెట్టింది. ఇల్కా బకెట్టు ఎత్తి, మురికి నీళ్ళు కాలవలో ఒంపింది. ఇంటికి పరిగెత్తాలి అనుకుంది, తలుపు తీయాలి, వానలో నిలబడి ఉంటుంది. కాదు, తాళంచెవి ఇచ్చింది కదా. లిఫ్టు ఎక్కి ఉంటుంది. ఎక్కదు, మెట్లే ఎక్కుతుంది, పాడుకుంటూ. తలుపు తీసి, బూట్లు విప్పకుండానే ఫ్రిజ్ తెరిచి ఉంటుంది. జేబులో ఫోన్ మోగింది.

"అమ్మా, వచ్చేశా. నువ్వెక్కడ? ఇంట్లో లేవేంటి?"

"పాల కోసం వచ్చానే. ఎలా వచ్చావ్?"

"సైకిల్ మీద."

"అది తెలుసులే. దారిలో ఎలా ఉంది? ఏమైనా..."

అటువైపు ఏదో నములుతోంది. చెబుతుందా? లారీ సంగతి, టై ఆయన సంగతి. చెబితే రేపటి నుంచి అమ్మ మళ్ళీ వెంటపడుతుందని దానికి తెలుసు. చెప్పకపోతే, మొట్టమొదటిసారి దానికంటూ ఒక విషయం ఉంటుంది, అమ్మకి తెలియనిది. తెలియదనుకునేది.

"ఏం లేదు. మామూలే," అంది మెర్లే. "రేపు కూడా ఒక్కదాన్నే వస్తా. సరేనా?"

ఇల్కా కూడలి వైపు చూసింది. సిగ్నల్ మళ్ళీ పచ్చకి మారింది, ఇద్దరికీ ఒకేసారి. ఇంకో బండి కుడి లైటు వేసుకుని వచ్చి మలుపులో నిలబడింది. రేపు కూడా వస్తుంది అలాంటిది. ఎల్లుండి కూడా. గెర్లిండె తల పక్కకి తిప్పుకుని, వినట్లేదన్నట్టు, ఖాళీ బకెట్టులో గుడ్డ మడత పెడుతోంది.

"అమ్మా? ఉన్నావా? రానా?"

గొంతులో అప్పటి పిలుపు ఇంకా అలాగే, బయటికి రాకుండా, అడ్డంగా ఉంది. దాని పక్కనుంచే ఆ మాట రావాల్సి వచ్చింది.

"రా," అంది ఇల్కా.